ఎడమ పేజీ

జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. ప్రాక్టికల్ రికార్డు పుస్తకం సంగతి చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్ల పేజీ. కుడివైపు ప్రయోగం రాయాలి, ఎడమవైపు పటం వేయాలి. రిటైరయ్యాక బీరువాలో ఒక ఖాళీ రికార్డు దొరికితే అందులో వంటింటి ప్రయోగాలు రాయడం మొదలుపెట్టాను. పటాలతో పని లేదు కాబట్టి ఎడమ పేజీకి వేరే పని అప్పగించాను. ప్రయోగం చేసిన రోజు కనిపించింది కుడివైపు పెన్నుతో రాస్తాను. నెలకో ఆరు నెలలకో మళ్లీ వెళ్లి చూసింది ఎడమవైపు పెన్సిలుతో రాస్తాను.

ఊరు కర్నూలు. నా దగ్గరున్నవి ఒక గాజు థర్మామీటరు, చిన్న డిజిటల్ కాటా, లీటరు కొలజాడీ, రబ్బరు బ్యాండ్లు. వంటిల్లు మా ఆవిడది. అనుమతి కూడా ఆవిడదే.

2024 జనవరి 18

ఇడ్లీ పిండి పొంగడం లేదని వారం నుంచి ఇంట్లో గొడవ. ఉప్పు ముందే వేయడం వల్ల అని నేను. చేత్తో కలపకుండా గరిటెతో కలిపితే అంతే అని ఆవిడ. పందెం వద్దు, చూద్దాం అన్నాను.

మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. ఒకే పిండిని మూడు గాజు గ్లాసుల్లో ఒకే ఎత్తుకు పోసి, ఆ ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేశాను. మొదటిది ఉప్పు వేసి గరిటెతో కలిపింది. రెండోది ఉప్పు లేకుండా గరిటెతో. మూడోది ఉప్పు లేకుండా చేత్తో, అదీ ఆవిడ చేత్తోనే. రాత్రి ఎనిమిదికి పెట్టాం. వంటింట్లో 23 డిగ్రీలు.

పొద్దున ఆరింటికి చూస్తే మూడూ అలాగే ఉన్నాయి. బ్యాండు మీద వేలెడు కూడా లేవలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మూడూ రెట్టింపయ్యాయి, ఉప్పు వేసింది కాస్త వెనక. ఆ పూట ఇడ్లీ బదులు ఉప్మా తిన్నాం కాబట్టి నా ప్రయోగం మీద ఇంట్లో మంచి అభిప్రాయం ఏర్పడలేదు. ‘చలికి పొంగలేదు’ అని ఫలితం రాసి మూసేశాను.

ఎడమ పేజీ, ఫిబ్రవరి 11

‘చలికి’ అని రాశాను గానీ 23 డిగ్రీలు మరీ అంత చలి కాదు. ఇవాళ ఆవిడ పిండి రుబ్బుతుంటే పక్కనే నిలబడ్డాను. మిక్సీ జారులో పోస్తున్న నీళ్లు ఫ్రిజ్‌లోవి! అడిగితే, ‘మిక్సీ వేడెక్కితే పిండి పాడవుతుందని ఎండాకాలంలో మీరే కదండీ చెప్పారు’ అంది. నిజమే, చెప్పాను. ఎండాకాలం పోయాక మానేయమని మాత్రం చెప్పలేదు. రుబ్బిన పిండిలో థర్మామీటరు పెడితే 16 డిగ్రీలు. గది వేడికి ఆ పిండి మామూలు స్థితికి వచ్చేసరికే సగం రాత్రి గడిచిపోతుంది.

అదే రోజు మిగిలిన పప్పు కుళాయి నీళ్లతో రుబ్బించాను. 28 డిగ్రీలు వచ్చింది. రాత్రి ఎనిమిదికి పెట్టాం, పొద్దున ఆరున్నరకు రెట్టింపుకు కొంచెం తక్కువ. ఇడ్లీలు మెత్తగా వచ్చాయి.

పిండిని పొంగించేవి మినప్పప్పుతో పాటు వచ్చే సూక్ష్మజీవులే. వాటిలో ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్నీ, కార్బన్ డయాక్సైడునూ పుట్టిస్తుంది. మొదటిది పులుపు, రెండోది పొంగు. ఆ గాలి బయటికి పోకుండా మినప్పప్పు జిగురు పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల దగ్గర వాటికి హుషారు. పదహారు దగ్గర అవీ మనలాగే దుప్పటి కప్పుకుంటాయి.

చేయి, గరిటె తేడా కోసం ఇంకో మూడుసార్లు చేశాం. మా ఇంట్లో ఏ తేడా రాలేదు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పటికీ చేత్తోనే కలుపుతుంది.

2024 మార్చి 29

కొత్త కుండ తెచ్చాను, పది లీటర్లది. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పెట్టాం. వంటింటి కిటికీ పక్కన గాలి తగిలే చోటు.

మధ్యాహ్నం మూడింటికి గదిలో 37. బిందెలో నీళ్లు 31. కుండలో నీళ్లు 26. ఎంత ఆవిరవుతోందో కూడా చూడాలనిపించింది. పొద్దున ఆరింటికి అంచుదాకా నింపి, ‘సాయంత్రం దాకా ఎవరూ ఇందులో నీళ్లు ముంచకండి’ అని పలక రాసి పెట్టాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే అని ఆవిడ గుర్తుచేసింది. సాయంత్రం ఆరింటికి మళ్లీ అంచుదాకా నింపడానికి కొలజాడీతో 620 మిల్లీలీటర్లు పోయాల్సి వచ్చింది.

ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. కుండ ఆ వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. 620 గ్రాములకు లెక్క వేస్తే పది లీటర్ల నీటిని దాదాపు 36 డిగ్రీలు చల్లబరచాలి! అలా జరగదు, ఎందుకంటే బయటి గాలి కుండకు వేడి ఇస్తూనే ఉంటుంది. ఇటు నుంచి పోయేది, అటు నుంచి వచ్చేది ఒక దగ్గర సమానమవుతాయి. మా ఇంట్లో ఆ దగ్గర 26.

కుడివైపు పేజీలో కింద గీత గీసి ‘అద్భుతం’ అని రాశాను. రికార్డులో అలాంటి మాట పిల్లలు రాస్తే నేనే నవ్వేవాణ్ణి.

ఏప్రిల్ 22

కాకినాడ నుంచి బావమరిది ఫోను. అతనూ కుండ కొన్నాడట. ‘మీ కుండ గురించి మా అక్క తెగ చెప్పింది బావా, మా దాంట్లో నీళ్లు చల్లగానే కావట్లేదు, కుమ్మరి మోసం చేశాడు’ అన్నాడు. థర్మామీటరు కొనిపించాను. మూడింటికి గదిలో 34, కుండలో 30. నాలుగు డిగ్రీలే తేడా.

కుమ్మరిది ఏ తప్పూ లేదు. సముద్రం పక్కన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, కుండ చెమటను అది పీల్చుకోదు. కాకినాడలో మన చెమట ఎందుకు ఆరదో కుండ చెమటా అందుకే ఆరదు. కర్నూలు ఎండాకాలం పొడిగా ఉంటుంది, అదొక్కటే మాకున్న సుఖం. ఎంత మంచి కుండైనా తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే అంకె కన్నా కిందికి పోదు. అతని చేత థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టించి ఫ్యాను కింద పెట్టించాను. 28 చూపించింది. అతని కుండ అతని ఊళ్లో చేయగలిగినంతా చేస్తోంది.

2024 మే 4

ఆవకాయ. డాక్టరు నాకు ఉప్పు తగ్గించమన్నాడు. సగం ఉప్పుతో ఆవకాయ ఎందుకు పెట్టకూడదు అన్నది నా ప్రశ్న. ఆవిడ పుట్టిల్లు కాకినాడ, ఆవకాయ విషయంలో కోర్టు, జడ్జి, అప్పీలు అన్నీ తనే. చాలాసేపు బతిమాలాక మూడు సీసాలకు ఒప్పుకుంది. అసలు జాడీ జోలికి రాకూడదన్నది షరతు.

ఒక్కో సీసాకు మామిడి ముక్కలు కిలో, కారం 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, గుప్పెడు మెంతులు, పప్పునూనె 400 గ్రాములు. మొదటి సీసాలో ఎండబెట్టి దంచిన కల్లుప్పు 200 గ్రాములు. రెండో సీసాలో 100. మూడో సీసాలోనూ 100, కానీ అది ఫ్రిజ్‌లో ఉంటుంది. ముక్కలు తుడవడం, సీసాలు ఎండలో పెట్టడం అంతా ఆవిడ పద్ధతిలోనే జరిగింది. తడి చెయ్యి అని నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు పరీక్షించింది.

మే 7

మూడో రోజు, తిరగకలిపాం. మొదటి సీసాలో ఊట బాగా దిగింది, నూనె పైకి తేలింది. రెండో దాంట్లో ఊట తక్కువ. ముక్కలోంచి నీటిని బయటికి లాగేది ఉప్పే కాబట్టి అది తెలిసిన విషయమే. రుచికి రెండోదే బాగుంది! ఉప్పు నాలుకకు కొట్టకుండా మామిడి పులుపు, ఆవఘాటు విడిగా తెలుస్తున్నాయి. ఆవిడ కూడా అన్నంలో రెండోసారి కలుపుకుంది. ‘సగం ఉప్పు చాలు’ అని కుడివైపు రాసేశాను.

మే 19

ఇడ్లీ పిండి మళ్లీ. గదిలో 36. ఉప్పు లేని గ్లాసు ఐదు గంటలకే రెట్టింపైంది, తొమ్మిది గంటలకు పైకి పొంగి మధ్యలో కుంగింది, పులిసిన వాసన. ఉప్పు వేసింది ఆరున్నర గంటలకు రెట్టింపైంది. జనవరిలో ఉప్పును నిందితుడిగా నిలబెట్టాను కదా, మేలో అదే కాపలా కాస్తోంది. ఇక నుంచి మా ఇంట్లో ఎండాకాలం ఉప్పు ముందు, చలికాలం ఉప్పు తర్వాత. మిక్సీలో ఫ్రిజ్ నీళ్లు మార్చి నుంచి జూన్ వరకే. ఇది ఫ్రిజ్ తలుపు మీద కాగితం రాసి అంటించాను.

ఎడమ పేజీ, జూన్ 16

రెండో సీసా మూత తీస్తే టప్ అని గాలి వచ్చింది. అంచు చుట్టూ, నూనె తగలని చోట, తెల్లటి బూజు. ముక్క వేలితో నొక్కితే మెత్తగా పోయింది. మొదటి సీసా నిక్షేపంలా ఉంది. రెండో దాన్ని పారేశాం, పైన తీసేసి కింద తినొచ్చు అని మనసులో అనుకున్నాను గానీ నోరెత్తలేదు. బూజు వేళ్లు కంటికి కనిపించేంత పైనే ఆగవు.

ఆవకాయలో ఉప్పు రుచి కోసం అని ఇన్నాళ్లూ అనుకున్నాను. రుచి చిన్న పని. నీటిని పట్టేసి సూక్ష్మజీవులకు దొరక్కుండా చేయడం దాని పెద్ద పని. ఆ పని మూడో రోజు రుచి చూస్తే తెలియదు. నలభై రోజులకు తెలిసింది.

ఆవిడ ఒక్క మాటే అంది. ‘ఉప్పు తగ్గాలంటే పచ్చడి తగ్గించి తినాలండీ. పచ్చడికి తగ్గించడం కాదు.’

2024 జులై 3

బియ్యంలో పురుగు. పాతిక కిలోల సోనా మసూరి బస్తా, విప్పి నెల కాలేదు. ఒక్కొక్కరు ఒక్కో చిట్కా. పక్కింటావిడ వేపాకు అంటారు. మా ఆవిడ ఎండుమిరపకాయలు అంటుంది. మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోనులో ‘ఫ్రీజర్‌లో పెట్టు నాన్నా’ అంటుంది.

అదే బస్తాలోంచి, పురుగులు ఏరేసిన బియ్యం, అరకిలో చొప్పున నాలుగు సీసాలు. ఒకటి ఏమీ వేయనిది. రెండోది ఎండిన వేపాకుతో. మూడోది ఎనిమిది ఎండుమిరపకాయలతో. నాలుగోది ఐదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాత బయట అల్మారాలో. ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తీయకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే చల్లటి గింజ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది, బూజుకు అది చాలు.

జులై 13

నాలుగు సీసాల్లోనూ ఒక్క పురుగు లేదు. వేపాకు పనిచేస్తోందని పక్కింటావిడకు గోడ మీంచి చెప్పాను. ఏమీ వేయని సీసాలో కూడా పురుగు లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. పరీక్షించే పదార్థం వేయకుండా పోలిక కోసం చేసే ‘బ్లాంక్’ టైట్రేషన్ ఎందుకు చేయాలో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి! సిగ్గుపడి ఇది రాస్తున్నాను.

ఎడమ పేజీ, ఆగస్టు 20

తెల్లటి పళ్లెంలో పోసి లెక్కపెట్టాను. ఏమీ వేయనిది 14. వేపాకు 9. ఎండుమిరప 11. ఫ్రీజర్ సున్నా. ఒక్క సీసా చొప్పునే చేశాను కాబట్టి తొమ్మిదికీ పదకొండుకూ తేడా ఉందని నేను అనను. సున్నా మాత్రం సున్నానే.

ఎందుకో భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది. ఇది ముక్కుపురుగు, మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆడది ఆ మూతితో గింజకు చిల్లు పెట్టి, లోపల గుడ్డు పెట్టి, చిల్లును జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తిని, లోపలే పెరిగి, ఎండాకాలం వేడిలో నెల తిరిగేసరికి రెక్కలతో బయటికి వస్తుంది. మనం ఏరింది పెద్దవాటిని. గింజల్లో ఉన్నవాటి దగ్గరికి వేపాకు వాసన ఎలా పోతుంది? చలి పోతుంది.

పాతిక కిలోలకు ఫ్రీజర్ ఎక్కడ తేవాలి అన్నది మా ఆవిడ ప్రశ్న. సరైన ప్రశ్నే. ఇప్పుడు పది కిలోల బస్తాలే కొంటున్నాం, రెండేసి కిలోలు సంచుల్లో కట్టి వంతులవారీగా ఫ్రీజర్‌లో పెడుతున్నాం. ఐస్‌క్రీముకు చోటు లేదని మనవడు సెలవులకొచ్చి గొడవ చేశాడు.

ఎండలో పోయడం గురించి కూడా ఒక మాట. పురుగు పాకిపోయింది గానీ, మిట్ట మధ్యాహ్నం ఎండలో నాలుగు గంటలు పోసిన బియ్యం వండితే నూకలైంది. గింజ పగిలినట్టుంది. నీడలో ఆరబెడితే అంత కాలేదు, పురుగూ అంతగా పోలేదు.

సెప్టెంబర్ 1

బియ్యం దగ్గర ఆగలేక పెసలు మొదలుపెట్టాను. మా నాయనమ్మ పెసలకు, కందులకు ఆముదం పట్టించి దాచేది. బియ్యానికి పట్టించేది కాదు. వాసనకు భయపడి అనుకునేవాణ్ణి. పెసలకు పట్టే పుచ్చు పురుగు వేరే జాతి. అది గుడ్డును గింజ లోపల పెట్టదు, పైపొట్టు మీద అంటిస్తుంది. తెల్లటి చుక్కల్లా కంటికే కనిపిస్తాయి. గింజకు నూనె పూత ఉంటే ఆ గుడ్డుకు ఊపిరాడదు. లోపల పెట్టే పురుగుకు పైపూత ఏం చేస్తుంది? నాయనమ్మకు ఈ లెక్క ఎవరు చెప్పారో తెలియదు గానీ పద్ధతి మాత్రం సరిగ్గా పురుగును బట్టే ఉంది.

కిలో పెసలకు ఒక చెంచా ఆముదం, అరచేతులతో రుద్ది. ఇంకో కిలో ఏమీ పట్టించకుండా.

(ఎడమ పేజీ, నవంబర్ 24: పట్టించనివి పుచ్చాయి, గింజకో గుండ్రటి చిల్లు, అడుగున పిండి. ఆముదం పట్టినవాటిలో వెతికితే మూడు చిల్లు గింజలు. వండేముందు వేడి నీళ్లతో రెండుసార్లు కడిగితే వాసన పోయింది.)

మధ్యలో చిన్నాచితకా

వంటసోడా, వెనిగరు కలిపి సింకులో పోస్తే జాలీ శుభ్రపడుతుందని ఎవరో చెబితే చేశాం. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. ఆ నీళ్లతో ఏ జిడ్డు పోతుంది? కెమిస్ట్రీ ల్యాబ్ మనిషిని నేనే నురగ చూసి మోసపోయాను, మిగతావాళ్లను అనడానికేం లేదు. వారం తర్వాత సింకు మళ్లీ నిండింది. విడివిడిగా అయితే రెండూ పనికొస్తాయి, కెటిల్ అడుగున పట్టిన తెల్లటి పెచ్చుకు వెనిగరు ఒక్కటే చాలు.

కుంకుడు రసం తీసి సీసాలో పోసి గిన్నెలు తోమాను. మొదటి రోజు బాగుంది. నాలుగో రోజు వంటిల్లంతా కంపు. ఇప్పుడు ఐస్ ట్రేలో గడ్డకట్టించి రోజుకు రెండు ముక్కలు తీస్తున్నాం. మూడు నెలలైంది, ఫరవాలేదు.

పచ్చిమిరప తొడిమలతో పాలు తోడుపెట్టడం. తొడిమల మీద ఉండే లాక్టిక్ బ్యాక్టీరియాతోనే పాలు పేరుకుంటాయి. గోరువెచ్చని పాలలో పది తొడిమలు వేస్తే 14 గంటలకు పలచటి పెరుగైంది. దాన్ని తోడు వేస్తే రెండోసారి గట్టిపడింది, నాలుగోసారికి మామూలు పెరుగే. తొమ్మిదోసారి తీగ సాగింది, పారేసి పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్నాం. తోడు దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి, మా వీధిలో అవసరం లేదు.

కందిపప్పు బోరు నీళ్లతో ఐదు విజిల్స్, ఫిల్టరు నీళ్లతో మూడు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని పెక్టిన్‌ను బిగించేస్తాయి. అందుకే ఉడకదు. చింతపండు ముందే వేసినా ఉడకదు. ఈ విజిల్స్ తేడా వల్ల గ్యాసు ఎంత మిగులుతుందో తేలుద్దామని 14.2 కిలోల సిలిండరు మార్చిన తేదీలు రాశాను. బోరు నీళ్ల సిలిండరు 41 రోజులు వచ్చింది, ఫిల్టరు నీళ్లది 46. సంబరపడే లోపే గుర్తొచ్చింది, మొదటి సిలిండరు కాలంలోనే అమ్మాయి, అల్లుడు, మనవడు వచ్చి తొమ్మిది రోజులున్నారు. ఈ పేజీ మొత్తానికి అడ్డంగా గీత కొట్టాను.

2024 డిసెంబర్ 22

అమ్మాయి ఫోను. బెంగళూరు చలికి దోసె పిండి పొంగడం లేదట. ‘రుబ్బినాక పిండి ఎన్ని డిగ్రీలుంది?’ అని అడిగాను. ‘నాన్నా, నా దగ్గర థర్మామీటరు జ్వరానిదే ఉంది’ అంది. అది వద్దన్నాను. గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేయకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచమన్నాను. పొద్దున ఫోటో పంపింది. గిన్నె మూత పైకి లేచి పిండి ఓవెన్ అడుగునా కారి ఉంది. పెద్ద గిన్నెలో పెట్టమని చెప్పకపోవడం నా పొరపాట్ల జాబితాలో చేరింది.

మూడో సీసా ఆవకాయ, సగం ఉప్పు, ఫ్రిజ్‌లోది, ఏడున్నర నెలలకు తీశాం. బూజు లేదు. ముక్క ఇంకా కరకరమంటోంది. రంగు ఎర్రగా కొత్తదానిలాగే ఉంది. రుచీ అలాగే ఉంది, అదే చిక్కు. అది ఊరలేదు. ఆవపిండి పచ్చివాసన పోలేదు, పులుపు కారంలోకి దిగలేదు. మే నెల ఏడో తారీఖున ఉన్నచోటే ఆగిపోయింది. పాడు కాకుండా ఆపిన చలే పండకుండా కూడా ఆపింది. నాకు నచ్చింది. ఆవిడ దాన్ని ఆవకాయ అనడానికి ఒప్పుకోలేదు, ‘మీ మామిడికాయ ముక్కలు’ అంటుంది.

2025 మార్చి 30

కుండ రెండో ఏడాది. పోయిన ఏడాది పేజీ పక్కనే పెట్టుకుని చూశాను. అదే గంట, అదే కిటికీ. గదిలో 37. కుండలో 31.

నమ్మలేక థర్మామీటరు మార్చి చూశాను. 31. పొద్దున నుంచి సాయంత్రం దాకా తగ్గిన నీరు 210 మిల్లీలీటర్లే. పోయిన ఏడాది 620. కుండ బయట చేత్తో తడిమితే పొడిగా ఉంది, అక్కడక్కడ తెల్లటి పొర. కుళాయి రాని రోజుల్లో బోరు నీళ్లు పోశాం. నీరు కుండ రంధ్రాల్లోంచి వచ్చి ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మాత్రం ఆ రంధ్రాల్లోనే ఉండిపోతాయి. ఏడాదిపాటు కుండే తన నోళ్లు తనే మూసుకుంది.

నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపిన నీళ్లలో కుండను ఒక పగలంతా నానబెట్టాను. చిన్న బుడగలు వచ్చాయి, కార్బొనేట్ కరుగుతోందన్నమాట. కొబ్బరి పీచుతో రుద్ది, మూడుసార్లు కడిగి, ఎండబెట్టాను. సబ్బు పెట్టలేదు, కుండ పీల్చుకుంటే ఆ వాసన ఇక పోదు.

ఏప్రిల్ 3

తగ్గిన నీరు 380. నీళ్లు 29. కొంత తిరిగి వచ్చింది, మొత్తం రాలేదు. కొత్తది కొంటానన్నాను.

ఆవిడ ఏమీ అనకుండా పెరట్లోంచి ఒక పాత గోనెసంచి తెచ్చి, ఉతికి, తడిపి, కుండ చుట్టూ చుట్టింది. ‘మా అమ్మ రెండో ఏడాది నుంచి ఇలాగే చుట్టేది. కుండ ముసలిదైతే గోనె కట్టాలి అనేది’ అంది. మరి పోయిన ఏడాదంతా నేను కొలుస్తుంటే ఎందుకు చెప్పలేదంటే, అప్పుడు కుండ కొత్తది కదా అంది.

మూడింటికి 26.5.

ఆవిరి కుండ గోడలోంచే రావాలని ఏం లేదు. గోనె నుంచి ఆరినా వేడి లాగేది కుండ దగ్గర్నుంచే. రంధ్రాలు మూసుకుపోతే ఆ పని గోనె చేస్తుంది, కాకపోతే దానికి నీళ్లు మనం పోయాలి. పొద్దున ఎనిమిదికి, పన్నెండుకు, మూడుకు చెంబెడు చొప్పున. ఈ డ్యూటీ నాకు పడింది.

ఏప్రిల్ 20

కాకినాడ బావమరిదికి గోనె సంగతి చెప్పాను. అతను కట్టాడు. 30 నుంచి 29.5. ‘అర డిగ్రీ కోసం గోనె కంపు భరించాలా బావా?’ అన్నాడు. భరించొద్దన్నాను. వాళ్ల ఊరి గాలి మారదు.

మే 2

పోయిన ఏడాది మొదటి సీసా ఆవకాయ అడుగంటింది. రంగు ముదిరింది, ముక్క మెత్తబడింది గానీ చెడలేదు, టెంక చీకితే ఘాటు తలకెక్కుతోంది. కొత్త ఆవకాయకు కాయ కొట్టించాం. ఈసారి జాడీ ఒకటే, ఉప్పు పూర్తిగా. నాకు రోజుకు ఒక ముక్క అని ఆవిడ లెక్క పెట్టింది. నా కోసం అరకిలో ‘మామిడికాయ ముక్కలు’ ఫ్రిజ్‌లో.

మే 11

రెండు రోజులు పెళ్లికని నంద్యాల వెళ్లి వచ్చాను. రికార్డు తీస్తే, ఏప్రిల్ 3 నాటి ఎడమ పేజీలో నాది కాని చేతిరాత. పెన్సిలుతో, తేదీ వేసి, నేను రాసినట్టే:

‘మే 9. మధ్యాహ్నం 3. గది 38. గోనె తడపడం మర్చిపోయాను. కుండ 30.

మే 10. మధ్యాహ్నం 3. గది 38. నాలుగుసార్లు తడిపాను. కుండ 26. మీరు తడిపేది చాలడం లేదు.’